చెల్లికి ఐదో నెల, రక్తపరీక్షలో హెచ్‌ఐవీ అని చెప్పారు. బిడ్డకు రాకుండా చూడొచ్చా?

పేట_అక్క | మార్చి 3, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మా చెల్లికి పెళ్లయి ఏడాదిన్నర. ఇప్పుడు ఐదో నెల. పోయిన వారం పీహెచ్‌సీలో గర్భిణులకు చేసే పరీక్షలన్నీ చేశారు. నిన్న నర్సమ్మ ఫోన్ చేసి రమ్మంటే వెళ్లింది. హెచ్‌ఐవీ పరీక్షలో గీత కనిపించిందని, జిల్లా ఆసుపత్రికి వెళ్లి మళ్లీ చూపించుకోమని చెప్పారట. అప్పటినుంచి తిండి లేదు, నిద్ర లేదు. అమ్మకు చెబితే "కడుపు తీయించేద్దాం" అంటోంది. మరిదికి ఇంకా చెప్పలేదు. వాళ్ల అత్తగారికి తెలిస్తే ఏమవుతుందో అని వణికిపోతోంది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, రేపు బస్సెక్కుతున్నాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. బిడ్డ బతుకుతుందా? బిడ్డకు రాకుండా ఏమైనా చేయొచ్చా?

ల్యాబ్_తమ్ముడు | మార్చి 3, రాత్రి 11:58

అక్కా, ముందు ఒక మాట. పీహెచ్‌సీలో వేలి మీద గుచ్చి చేసేది ఒక్క కిట్‌తో చేసే స్క్రీనింగ్ మాత్రమే. దాంతోనే హెచ్‌ఐవీ ఉందని తేల్చరు. ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సిలింగ్ కేంద్రానికి వెళ్తే చేతి నరం నుంచి రక్తం తీసి మూడు వేర్వేరు కిట్లతో చూస్తారు. మూడింటిలోనూ వస్తేనే పాజిటివ్ అని రాసిస్తారు. స్క్రీనింగ్‌లో గీత వచ్చి, అక్కడ నెగటివ్ అయినవాళ్లను నా చేతులతోనే చూశాను. అలాగని ఆశ పెట్టుకుని ఆలస్యం చేయొద్దు. రేపే వెళ్లండి. డబ్బులేమీ అడగరు. పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సిలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆమె ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకెవరికీ చెప్పకూడదు. అది చట్టం.

తెనాలి_పిన్ని | మార్చి 4, ఉదయం 6:15

అమ్మా, నీ పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నాకు 2003లో బయటపడింది. మా ఆయన పోయాక, ఆయన జబ్బేంటో చెప్పకుండానే నాకూ పరీక్ష చేశారు. అప్పటికి నా వయసు ఇరవై నాలుగు. ఊళ్లో నా గ్లాసు వేరు, నా చాప వేరు. అంతకు ముందే ఎవడో పొడి ఇస్తాడని చెబితే మా మామగారు అరెకరం అమ్మి తెచ్చారు. మా ఆయన ఆ పొడి మింగుతూనే పోయాడు.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో అందరికీ ఇచ్చేవాళ్లు కాదు. రోగాలను ఎదిరించే సీడీ4 కణాల లెక్క రెండు వందల లోపు పడిపోతేనే ఇచ్చేవాళ్లు. నాది పడిపోయింది కాబట్టి నాకిచ్చారు. ఆ పాత మాత్రలకు బుగ్గలు లోపలికి పోయాయి, అరికాళ్లు తిమ్మిరెక్కాయి. మొహం చూసే జనం కనిపెట్టేసేవాళ్లు. ఇప్పుడు నేను వేసుకునేది రాత్రికి ఒక్క మాత్ర. నా బుగ్గలు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

రెండో పెళ్లి నాలాంటి ఆయన్నే చేసుకున్నాను. 2009లో బాబు పుట్టాడు. వాడికి లేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మీ అమ్మగారికి నా మాటగా చెప్పు, ఆ కడుపు తీయించాల్సిన పని లేదని.

కౌన్సిలర్_ప్రకాశం | మార్చి 4, ఉదయం 9:20

పిన్నిగారికి నమస్కారం. పేట అక్కా, నేను పదకొండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, కాబట్టి వివరంగా రాస్తాను.

ఏ మందూ వాడకపోతే హెచ్‌ఐవీ ఉన్న తల్లుల వంద మంది పిల్లల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. కడుపులో ఉన్నప్పుడు కొందరికి, కాన్పు సమయంలో కొందరికి, తల్లిపాల ద్వారా కొందరికి. తల్లి మందులు వాడితే ఆ సంఖ్య అయిదు లోపుకు వస్తుంది. కాన్పు నాటికి తల్లి రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గితే నూటికి ఒకటి కన్నా తక్కువ. ఐదో నెలలో తెలియడం మంచిదే. మందు పని చేయడానికి చాలినంత సమయం ఉంది.

నిర్ధారణ అయితే ఏఆర్టీ సెంటర్‌కు, అంటే హెచ్‌ఐవీ మందులు ఇచ్చే కేంద్రానికి పంపుతారు. సీడీ4 ఎంత ఉన్నా మందు మొదలుపెడతారు. 2017 నుంచి మన దేశంలో అందరికీ ఇదే పద్ధతి. రోజుకు ఒక్క మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు మందులు కలిసి ఉంటాయి, సెంటర్లో టీఎల్‌డీ అంటారు. వైరస్ మన సీడీ4 కణంలోకి దూరి, తన జన్యువును మన జన్యువులో అతికించుకుని, తన కాపీలు తయారుచేయించుకుంటుంది. ఈ మందులు ఆ పనిని రెండు చోట్ల ఆపేస్తాయి. అప్పటికే అతుక్కుని నిద్రపోతున్న వైరస్‌ను మాత్రం తీసేయలేవు. అందుకే జీవితాంతం వేసుకోవాలి. బాగున్నాను కదా అని మానేస్తే అది మళ్లీ లేస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. గర్భిణి కాబట్టి ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. ఖాళీ కడుపున వాటిని ఈ మాత్రతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. అవి వేసుకోవడానికి రెండు గంటల ముందు గానీ, వేసుకున్న ఆరు గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందులకూ ఇంతే. మాత్రల కవర్లన్నీ సెంటర్‌కు పట్టుకెళ్లి, ఏది ఎప్పుడో వాళ్లతోనే రాయించుకోండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

"ఎలా వచ్చింది?" అని చెల్లిని ఎవరూ అడక్కండి. మీరూ అడక్కండి. ఆ ప్రశ్న మొదలైన ఇంట్లో మందు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మూలిక_వైద్యం | మార్చి 4, మధ్యాహ్నం 1:05

[ఈ పోస్టును తొలగించాం. నలభై రోజుల్లో నయం చేస్తామంటూ ఫోన్ నంబరు ఇచ్చారు. హెచ్‌ఐవీకి మందు నయం చేస్తుందని ఎవరు ప్రకటన ఇచ్చినా ఇక్కడ ఉంచం. పైన పిన్నిగారి పోస్టు చదవండి. — నిర్వాహకులు]

విశాఖ_డాక్టరమ్మ | మార్చి 4, రాత్రి 10:30

నయం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ప్రపంచంలో హెచ్‌ఐవీ పూర్తిగా పోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మొదటి వ్యక్తి తిమోతీ రే బ్రౌన్. ఆయనకు బ్లడ్ క్యాన్సర్ వస్తే బెర్లిన్‌లో ఎముక మజ్జ మార్పిడి చేశారు. మజ్జ ఇచ్చిన దాతకు, వైరస్ లోపలికి రావడానికి వాడుకునే సీసీఆర్5 అనే తలుపు పుట్టుకతోనే లేదు. ఆ చికిత్స ప్రాణానికే ప్రమాదం. క్యాన్సర్ లేనివారికి ఎవరూ చేయరు. కాబట్టి మనకు ఉన్న దారి మాత్రలే, అవి బాగా పనిచేస్తున్నాయి. వేళకు మందు మొదలుపెట్టి మానకుండా వేసుకునేవారు మామూలు మనుషుల్లాగే అరవై, డెబ్బై ఏళ్లు బతుకుతున్నారు.

ఏఆర్టీ మొదలుపెట్టే ముందు టీబీ ఉందేమో చూస్తారు, హెపటైటిస్-బీ కూడా చూపించుకోండి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సి ఉంటుంది. హెపటైటిస్-బీ ఉన్నవారు టీఎల్‌డీని అకస్మాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతింటుంది.

పేట_అక్క | మార్చి 7, సాయంత్రం 5:45

మూడు కిట్లలోనూ వచ్చింది. ఇవాళే మందు మొదలుపెట్టారు. మీ అందరి మాటలూ ప్రింట్ తీసి అమ్మతో చదివించాను. పిన్నిగారి పోస్టు దగ్గర ఏడ్చింది. కడుపు మాట మళ్లీ ఎత్తలేదు.

మరిదికి చెల్లి తనే చెప్పింది. కౌన్సిలర్ గదిలో, ఆవిడ పక్కనే ఉండగా. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత "నాక్కూడా చెయ్యండి" అన్నాడట. అతనికి నెగటివ్ వచ్చింది. ఇంకా నమ్మలేకపోతున్నాం. ఇప్పుడు అతను ఒకటే అడుగుతున్నాడు, ఇకమీదట ఇద్దరూ వేరుగా ఉండాలా అని. మగవాళ్లెవరైనా చెబితే అతనికి చూపిస్తాను.

నిజామాబాద్_అన్న | మార్చి 7, రాత్రి 9:10

తమ్ముడికి చూపించమ్మా. నా భార్యకు ఉంది, నాకు లేదు. తొమ్మిదేండ్లయింది. ఒకే మంచం, ఒకే కంచం. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ లేదు.

తమ్మీ, ఇప్పటికి కండోమ్ తప్పనిసరి. మందు మొదలుపెట్టిన రోజే వైరస్ తగ్గిపోదు. వైరల్ లోడ్ అని ఒక పరీక్ష ఉంటది. రక్తంలో వైరస్ కాపీలు లెక్కపెడతరు. ఈ మందుతో చాలామందికి మూడు నెలల లోపే పరీక్షకు అందనంత కిందికి పోతది. అట్ల పోయి, మందు మానకుండా ఉన్నంత కాలం భార్య నుంచి భర్తకు, భర్త నుంచి భార్యకు కలయిక ద్వారా సోకదు. "తక్కువ సోకుద్ది" అంటలేను, సోకదు అంటున్న. మొదట్ల నేనూ నమ్మలే. మా డాక్టర్ సారు యూరప్‌ల జరిగిన పార్ట్‌నర్ అనే అధ్యయనం గురించి చెప్పిండు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలు, కండోమ్ లేకుండా 58 వేల సార్లు కలిసినయట. మందు వాడే భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా రాలే. అది విన్న రోజు నేను ఆసుపత్రి మెట్ల మీద కూసుండిపోయిన.

ఇంకొకటి. నీకు ఇవాళ నెగటివ్ వచ్చింది సరే, మూడు నెలలకు మళ్లీ చేయించుకో. వైరస్ ఒంట్లకు చేరినా, దాన్ని ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలు పరీక్షల వెంటనే కనబడవు, దాన్నే విండో పీరియడ్ అంటరు. అందాక భయమనిపిస్తే ప్రెప్ గురించి డాక్టర్‌ను అడుగు. లేనోళ్లు రాకుండా ముందే వేసుకునే మాత్రలు.

సిరింజీ_సిస్టర్ | మార్చి 8, ఉదయం 7:30

అన్న చెప్పిన ప్రెప్‌ను, పెప్‌ను చాలామంది కలిపేస్తారు. ప్రెప్ ప్రమాదానికి ముందు వాడేది. పెప్ ప్రమాదం జరిగాక వాడేది. డ్యూటీలో నాకు ఒకసారి సూది గుచ్చుకుంది. పేషెంట్‌కు పాజిటివ్ అని తెలుసు. సబ్బు నీళ్లతో కడుక్కుని గంటలోపే మొదటి మాత్ర వేసుకున్నాను. 72 గంటలు దాటితే ఇవ్వరు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. 28 రోజులు వేసుకోవాలి. నాకు రాలేదు. నిజానికి పెప్ వేసుకోకపోయినా సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడే. కానీ ఆ 28 రోజులు నా టెన్షన్ మాత్రం మాటల్లో చెప్పలేను. కండోమ్ చినిగినా, బలవంతం జరిగినా ఇదే మందు. అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి వెళ్లి అడగండి.

పరవాడ_కెమిస్ట్ | మార్చి 8, మధ్యాహ్నం 2:20

నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. టీఎల్‌డీలోని మూల పదార్థాలు మా షిఫ్టుల్లో డ్రమ్ముల కొద్దీ వెళ్తుంటాయి. ఆఫ్రికాలో లక్షల మంది వేసుకునే ఈ మాత్రల్లో పెద్ద భాగం మన దేశంలోదే, అందులోనూ హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల తయారయ్యేవి చాలా ఎక్కువ. 2001 దాకా ఈ మందులకు ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లు పైనే అయ్యేది. ఆ ఏడాది సిప్లా 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చింది. పిన్నిగారికి 2004లో ఉచితంగా అందడం వెనక ఆ ధర పడిపోవడం కూడా ఉంది.

ఇప్పుడు లెనకాపవిర్ అని ఇంజెక్షన్ వచ్చింది. ఆరు నెలలకోసారి చర్మం కింద వేస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో రెండు వేల మందికి పైగా అమ్మాయిలకు ఇస్తే, పరీక్ష కాలంలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2025 జూన్‌లో అమెరికా దాన్ని ప్రెప్‌గా ఆమోదించింది. డాక్టర్ రెడ్డీస్, హెటిరో రెండూ జెనరిక్ తయారుచేసి 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి దాదాపు 40 డాలర్లకు ఇస్తామన్నాయి. రెండూ హైదరాబాద్ కంపెనీలే. నేను చెప్పింది నివారణకు వాడే ఇంజెక్షన్ సంగతి. చెల్లికి పనికొచ్చే విషయం కాదని తెలుసు. అయినా రాయాలనిపించింది.

పేట_అక్క | మే 19, రాత్రి 8:05

ఇన్నాళ్లూ రాయలేదు. చెల్లి మాత్ర ఒక్కరోజు మానలేదు. డబ్బాలో ముప్పై మాత్రలుంటాయి, కదిపితే గలగలమంటాయి. బస్సులో ఆ చప్పుడుకే భయపడి దూది కుక్కుతుందట. అత్తగారికి రక్తం పట్టే మాత్రలని చెప్పింది.

వారం కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పుకు పేరు రాయించబోయాం. ఫైలు చూసి, "మా దగ్గర కుదరదు, కుదిరినా ప్రత్యేక కిట్లకు అదనంగా కట్టాలి" అన్నారు. రిసెప్షన్‌లో అందరికీ వినబడేలా అన్నారు. చెల్లి తల దించుకుని బయటికి వచ్చేసింది.

కౌన్సిలర్_ప్రకాశం | మే 19, రాత్రి 9:40

అక్కా, చాలా బాధగా ఉంది. వాళ్లు చేసింది తప్పు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, వివక్ష చూపకూడదు. ఆ మాట నలుగురిలో బయటపెట్టడం కూడా తప్పే. ఫిర్యాదులకు రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌ను పెట్టాలని అదే చట్టం చెబుతోంది. ఫిర్యాదులో పేరు బయటికి రాకుండా చూడమని అడగొచ్చు. ఎలా రాయాలో ఏఆర్టీ సెంటర్లో అడగండి, లేదా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.

ప్రత్యేక కిట్లు అనేది వట్టి మాట. గ్లౌజులు, కళ్లద్దాలు, ఏప్రాన్ ప్రతి కాన్పుకూ వాడాల్సినవే, ఎందుకంటే ఎవరి రక్తంలో ఏముందో ఎవరికీ తెలియదు. ఇప్పటికి జిల్లా ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోండి. అక్కడ బిడ్డకు మందు సిద్ధంగా ఉంచుతారు. మామూలు కాన్పు కావచ్చు, హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు.

పేట_అక్క | జూన్ 16, సాయంత్రం 4:30

వైరల్ లోడ్ వచ్చింది. కాగితం మీద "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది. ఏఆర్టీ డాక్టర్ గారు చెల్లికి చదివి వినిపించి, వైరస్ పోలేదు, పడుకుంది, లేపకు అన్నారట. మరిది రెండో పరీక్ష కూడా నెగటివ్.

తెనాలి_పిన్ని | జూన్ 16, సాయంత్రం 4:41

నా తల్లే. ఆ కాగితం జాగ్రత్తగా దాచిపెట్టమను.

పేట_అక్క | జూలై 22, ఉదయం 11:15

పాప పుట్టింది. మామూలు కాన్పే. రెండు కిలోల ఏడు వందలు. పుట్టిన గంటలోపే నెవిరపిన్ సిరప్ వేశారు. సూది లేని చిన్న సిరంజీలో ఒకటిన్నర ఎం.ఎల్., రోజుకోసారి, ఆరు వారాలు. చెంప పక్కగా కొంచెం కొంచెం వదలాలని చూపించారు.

ఒక సందేహం. వాళ్ల అత్తగారు ఉగ్గు కలుపుతానంటున్నారు, నాలుక మీద తేనె రాయాలంటున్నారు. ఆవిడకు ఇంకా తెలియదు. తల్లిపాలు ఇవ్వొచ్చా?

విశాఖ_డాక్టరమ్మ | జూలై 22, మధ్యాహ్నం 12:50

శుభాకాంక్షలు! తల్లిపాలే ఇవ్వండి. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే. తేనె, ఆముదం, ఉగ్గు, గ్రైప్ వాటర్, మంచినీళ్లు, పోతపాలు ఏవీ వద్దు. పాలతో పాటు అవీ ఇవీ పోస్తే పసి పేగుల లోపలి పొర దెబ్బతిని వైరస్ దూరడం సులువవుతుంది. తేనె అయితే ఏ పసిబిడ్డకూ ఏడాది లోపు మంచిది కాదు. అత్తగారికి ఆ మాటే చెప్పండి, అబద్ధం చెప్పే పనే లేదు. చనుమొన పగిలినా, రొమ్ములో గడ్డ కట్టినా, చీము పట్టినా వెంటనే చూపించుకోవాలి.

ల్యాబ్_తమ్ముడు | సెప్టెంబరు 3, సాయంత్రం 6:20

అక్కా, ఆరు వారాలు నిండి ఉంటాయి. డీబీఎస్, అంటే కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలతో చేసే పరీక్ష, చేయించారా? మామూలు కిట్ పనికిరాదు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చు, అందుకే బిడ్డకు లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. డీబీఎస్‌లో వైరస్ జన్యువునే వెతుకుతారు.

పేట_అక్క | సెప్టెంబరు 5, రాత్రి 10:10

నిన్న చేశారు తమ్ముడూ. నేనూ వెళ్లాను. పాప కాలు వెచ్చబడాలని నర్సమ్మ కాసేపు అరచేతిలో పట్టుకుంది. మడమ పక్కన చిన్నగా గుచ్చి, మొదటి చుక్క తుడిచేసింది. అట్టముక్కలాంటి తెల్లకాగితం మీద అయిదు గుండ్రటి గీతలున్నాయి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క వలయంలో పడి నిండేదాకా ఆగింది. మూడోదానికి పాప కెవ్వుమంది. చెల్లి కళ్లు మూసుకుంది, కాలు మాత్రం వదల్లేదు. అయిదూ నిండాక ఎండ తగలకుండా ఆరబెట్టారు. సిరప్ నిన్నటితో ఆపి, వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా కాట్రిమోక్సజోల్ అనే మందు మొదలుపెట్టమన్నారు.

పేట_అక్క | సెప్టెంబరు 30, మధ్యాహ్నం 12:02

నెగటివ్.

నిజామాబాద్_అన్న | సెప్టెంబరు 30, మధ్యాహ్నం 12:09

ఫోన్ల చదివి మా ఇంటామెకు చూపించిన. ఏడుస్తున్నది. సంతోషంతోనే.

పేట_అక్క | జనవరి 20, రాత్రి 9:30

పాపకు ఎల్లుండి ఆరు నెలలు నిండుతాయి. అన్నప్రాసన పెట్టుకున్నాం. పొద్దున్నే ఆరు నెలల డీబీఎస్‌కు వెళ్లి, అటునుంచి గుడికి. చెల్లి పోయిన నెల తనే అత్తగారికి చెప్పింది. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి మంచినీళ్ల గ్లాసు తెచ్చి మంచం పక్కన పెట్టారట. ఇప్పుడు డబ్బాలో దూది లేదు. డాక్టరమ్మా, అన్నం మొదలుపెట్టాక పాలు మాన్పించాలా?

విశాఖ_డాక్టరమ్మ | జనవరి 20, రాత్రి 10:05

వద్దు. అన్నం పెడుతూనే పాలు ఇవ్వండి, కనీసం ఏడాది దాకా. చెల్లి మాత్ర వేసుకుంటూ, వైరల్ లోడ్ అలాగే ఉంటే భయం లేదు. మాన్పించేటప్పుడు ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా మాన్పించాలి. తర్వాతి పరీక్షలు పన్నెండో నెలలో, పద్దెనిమిదో నెలలో. అన్నప్రాసనలో పాప ఏం పట్టుకుందో వచ్చి రాయండి.